తోకకు పనికొస్తది

దేవదాస్‌కు ఒకటే జబ్బు. ఈక, వెంట్రుక, పోగు, కుచ్చు, ఏది కంటపడినా చెయ్యి చాచి రెండు వేళ్ల మధ్య నలిపి చూసేవాడు. కాసేపు ఆలోచించేవాడు. తర్వాత ఒకే మాట అనేవాడు.

“తోకకు పనికొస్తది.”

సూరత్‌లో, ఉన్ అనే బస్తీలో, ఆయన ఉండే బిల్డింగువాళ్లకు ఈ మాట వింటే గుండె జారేది. చికెన్ షాపువాడు ఆయన్ని చూడగానే పుంజును బుట్ట కింద దాచేవాడు. సత్యనారాయణ వ్రతానికి వచ్చిన పంతులు, దేవదాస్ చూపు తన వింజామర మీద పడడం గమనించి, మంత్రం మధ్యలో ఆపి దాన్ని చంకలో పెట్టుకున్నాడు. మిగిలిన వ్రతమంతా ఒంటిచేత్తోనే జరిగింది. భార్య సంతోషి తన జరీ చీరలను బియ్యం డ్రమ్ములో దాచుకునేది. అయినా పండగనాడు తీసి చూస్తే అంచు దగ్గర పోగు తక్కువగానే ఉండేది.

“ఎలుక కొట్టింది,” అనేవాడు దేవదాస్.

“ఎలుక కత్తెర పెట్టి కొడ్తదా?” అనేది సంతోషి.

పక్కగదిలో ఉండే రఘుపతికి ఎన్నాళ్లు గడిచినా ఒక సంగతి అర్థం కాలేదు. తోక ఎవరికి? ఒకరోజు ధైర్యం చేసి అడిగాడు.

“చేపకు,” అన్నాడు దేవదాస్.

“ఏ చేపకు?”

“ట్రౌటుకు.”

“ట్రౌటుకు తోక లేదా?”

“దానికెందుకు లేదు? అది తినే చేపకు.”

“అది తినే చేపకు లేదా?”

“దానికి గూడ ఉన్నది రా. నేను చేసే చేపకు లేదు.”

రఘుపతి ఇంటికొచ్చి మంచినీళ్లు తాగి పడుకున్నాడు.

తర్వాత విడతలు విడతలుగా తెలిసింది. సూరత్ రాకముందు దేవదాస్ హిమాచల్ కొండల్లో సొరంగం పనికి వెళ్లాడు. ఊరి నుంచి ముఠాగా పోయినవాళ్లలో ఒకడు. అక్కడ ఏటి ఒడ్డున ఠాకూర్ అనే ముసలాయన ఒక గెస్టుహౌస్ చూసుకునేవాడు. సెలవు రోజున ఆయన దేవదాస్ చేతికి గాలం కర్ర ఇచ్చాడు. దాని చివర పురుగు లేదు, పిండి ముద్ద లేదు. ముల్లుకు ఈకలు, వెంట్రుకలు కట్టి, వేలెడంత చేపలాగా చేసిన ఎర ఉంది. పెద్ద ట్రౌటు పురుగుల కోసం పైకి రాదట. చిన్న చేపను వెంటాడి మింగుతుందట. అందుకని దారాన్ని లాగుతూ, ఆపుతూ, లాగుతూ, దెబ్బ తిన్న చిన్న చేప పారిపోతున్నట్టు నటించాలి.

దేవదాస్ నటించాడు. రాయి కింది నుంచి ముంజేతి కంటే పొడుగున్న చేప ఒకటి, ఒంటినిండా ఎర్రచుక్కలతో, ఆ ఎర వెంట ఆయన కాళ్ల దాకా వచ్చింది. ఆగింది. ఆయన్ని చూసింది. వెనక్కి పోయింది.

“ఎట్ల చూసింది?” అని అడిగేవాళ్లు మిల్లులో.

“పిల్లనడగ పోతే మా మామ చూసినట్టు చూసింది. కింది నుంచి మీదికి.”

అప్పటినుంచి ఆయన జీవితంలో ఆ చేపకు నచ్చే తోక ఒక్కటే తక్కువ.

“సూరత్‌ల ఉంటదా అది?” అని అడిగింది రఘుపతి భార్య వినోద.

“ఉండది మరదలా. దానికి మంచునీళ్లు గావాలె.”

“దొరికితే వండుతరా?”

“రామరామ. వదిలేస్త.”

“వదిలేసేదానికి పట్టుడెందుకు బావా?”

“పట్టకుంటే ఎట్ల వదులుత?”

వినోద మొగుడి వైపు చూసింది. రఘుపతి గోడ వైపు చూశాడు.

సూరత్‌లో చేప లేదుగానీ ఆకాశం ఉంది. షిఫ్టు లేని పూట దేవదాస్ డాబా మీద నిలబడి గాలం విసరడం సాధన చేసేవాడు. దారం వెనక్కి పోయి, గాల్లో సాగి, ముందుకొచ్చి, దూరంగా పడాలి. ముందుకు బాగానే పడేది. వెనక్కి పోయినప్పుడు ఏది తగిలితే అది వెంట వచ్చేది. ఒక దిండు గలేబు వచ్చింది. టీవీ తీగ వచ్చింది. ఒకనాడు ఇంటి యజమానురాలు ఊర్మిళాబెన్ ఆరేసుకున్న జాకెట్టు వీధి మీదుగా ఎగురుకుంటూ పోయి పావ్‌భాజీ బండి పెనం పక్కన దిగింది.

“ఎ దేవదాస్‌భాయ్! ఆ శూ ఛే?” అని, ఇదేమిటంటూ కింది నుంచి గుజరాతీలో అరిచింది ఆమె.

“ప్రాక్టీస్ ఛే, బెన్!”

“మారూ బ్లౌజ్ ఛే!”

దేవదాస్ కిందికి పరుగెత్తి జాకెట్టు తెచ్చి, మడతపెట్టి, వినయంగా ఆమె చేతిలో పెట్టాడు. పెట్టేముందు చేతి అంచున ఉన్న కుచ్చును రెండు వేళ్లతో నలిపి చూశాడు. ఊర్మిళాబెన్ ఆ జాకెట్టు మళ్లీ డాబా మీద ఆరెయ్యలేదు.

ఇట్లా నవ్వుకుంటూ ఉండగానే రఘుపతి చెయ్యి సాంచాలో పడింది. సూరత్ పక్కనే ఉన్న సచిన్ అనే చోట ఇద్దరూ ఒకే మిల్లులో పనిచేసేవాళ్లు. మరమగ్గాన్ని వాళ్లు సాంచా అంటారు. కుడిచేతి రెండు వేళ్లు నలిగాయి. కుట్లు వేశారు, గాయం మానింది. కానీ ఆ వేళ్లు వంగడం మరిచిపోయాయి. సాంచా నడిపేవాడికి కావలసింది కండబలం కాదు. తెగిన పోగును పట్టి, కంటికి కనిపించనంత చిన్న ముడి వేసి, మళ్లీ యంత్రాన్ని కదిలించాలి. కట్టెల్లా నిలబడ్డ వేళ్లతో ఆ పని కాదు.

మిల్లు మాస్టర్ నరేశ్‌ది కూడా వీళ్లలాగే కోరుట్ల దిక్కే. మనసున్నవాడే. “దివాళికి మిల్లు బంద్ అయితది. పండుగైన అయిదోనాడు, లాభ్ పాంచమ్‌కు, మల్ల చాలు అయితది. ఆ దినం వచ్చి నా ముంగట ముడి ఎయ్యి రఘూ. ఏస్తే నీ సాంచాలు నీకే. ఎయ్యకుంటే సేఠ్ కొత్తోన్ని పెడ్తనంటుండు. నేనేం జెయ్యాలె?” అన్నాడు.

హాస్పిటల్లో మెత్తటి రబ్బరు బంతి ఇచ్చి పూటపూటకూ పిసకమన్నారు. రఘుపతి పిసికాడు. బంతి నలగలేదు, వేళ్లు వంగలేదు. పిసుకుతున్నంతసేపూ తాను పసిపిల్లవాడిలా ఆడుకుంటున్నట్టు అనిపించేది. ఒక సాయంత్రం కోపం పట్టలేక దాన్ని ఎడమచేత్తో బిల్డింగు పక్కన పారే మురికి కాలవలోకి, ఖాడీలోకి, విసిరేశాడు. వినోదకు బంతి పోయిందని చెప్పాడు. ఎవరూ చూడలేదు. డాబా మీద దేవదాస్ ఉన్నాడుగానీ, ఆయనకు గాల్లో దారం తప్ప వేరే లోకం లేదు.

మర్నాడే దేవదాస్ తలుపు తట్టాడు. చేతిలో స్టూలు, దానికి బిగించిన చిన్న వైస్, సంచినిండా ఈకలు.

“రఘూ, నా కండ్లు పోయినయ్ రా.”

“ఎటు పోయినయ్?”

“దగ్గరిది ఆనుతలేదు. దారం కనవడ్తలేదు. అక్కడ ఠాకూర్ సాబ్ ఏమో ఎరలు పంపుమని ఒకటే ఫోన్లు. నువ్వు జర కట్టి పెట్టు.”

“నా చెయ్యి గిట్లుంటే నేనేం కడ్త?”

“నీ చెయ్యి గట్ల, నా కండ్లు గిట్ల. ఇద్దరం గలిస్తే ఒక మనిషి కాడా?”

రఘుపతికి ఆ లెక్క అర్థం కాలేదు. కానీ స్టూలు అప్పటికే గది మధ్యలో ఉంది.

వైస్‌లో ముల్లు బిగించి ఉంటుంది. దాని కాడకు దారం చుట్టాలి. చుట్టిన దారం జారకుండా పట్టుకుని ఈక పెట్టాలి, దాని మీద వెంట్రుకలు, వాటి పక్కన తళుక్కుమనడానికి జరీ పోగు. చివరకు దారాన్ని తన మీద తానే తిప్పి ముడి. మొదటి ఎరను రఘుపతి ఎడమచేత్తో మొదలుపెట్టాడు.

“ఎడమచెయ్యి వద్దు. ట్రౌటు గుర్తువడ్తది.”

“ఏం గుర్తువడ్తది?”

“దారం ఉల్టా చుట్టుకుంటది. అది చదువుకున్న చేప.”

కుడిచేత్తో చుట్టాడు. ఊడింది. మళ్లీ చుట్టాడు. మళ్లీ ఊడింది. చివరకు నిలిచినదాన్ని దేవదాస్ కళ్లు చికిలించి, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు.

“ఏంది రా గిది? చేపనా, చీపురా? దీన్ని చూస్తే ట్రౌటు ఏరు ఊడ్చి పోతది.”

“అయితే పారేయ్.”

“ఎందుకు పారేస్త? ఠాకూర్ సాబుకు పంపుత.”

పంపాడు కూడా. దాని తర్వాతది కూడా, దాని తర్వాతది కూడా. వేలు నొప్పి పుట్టి రఘుపతి ఆపేస్తే దేవదాస్ టీ పెట్టమని వినోదను కేకేసేవాడు. టీ అయిపోగానే ఇంకో ముల్లు వైస్‌లో ఉండేది. “దారం బిగువ లేదు,” అనేవాడు. “రెండు వేళ్లు మడిచి పట్టు. ఇంకా మడువు. ట్రౌటు పండ్లు గట్టివి.”

రఘుపతిని తికమక పెట్టిన విషయం వేరే ఉంది. కళ్లు పోయిన ఈ మనిషి ఒకరోజు సచిన్ బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు.

“ఆపు, ఆపు! ఆ పుంజు మెడల బంగారు ఈకున్నది!”

రఘుపతి చూశాడు. రోడ్డు అవతల, గోడ అవతల, చెత్తకుప్ప అవతల, కోడి ఉన్న మాట నిజమే. దానికి మెడ ఉందో లేదో తనకు తెలియలేదు.

“నీకు కండ్లు ఆనవంటివి గదన్నా?”

“దూరంది ఆనుతది. దగ్గరిదే ఆనది.”

మర్నాడు వినోద తల దువ్వుకుంటుంటే గడపలో నిలబడి, “మరదలా, ఆ రాలిన వెంట్రుక ఎర్రగున్నది, పారెయ్యకు,” అన్నాడు. అది దగ్గరా దూరమా అని రఘుపతి చాలాసేపు ఆలోచించాడు.

ఆ ఏడు దివాళి ముందుగా వచ్చింది. దేవదాస్‌కు అదే పెద్ద పండగ. చలికాలం మొదలైతే కొండల్లో చేపలు పట్టనివ్వరు. దివాళి ఆలస్యమైన ఏడు మిల్లు సెలవు దొరికేసరికి ఏరు మూసుకుపోతుంది. ఈసారి రెండూ కుదిరాయి.

“రఘూ, నువ్వు నాతోని రావాలె.”

“నేనెందుకన్నా? లాభ్ పాంచమ్ నాడు నాకు ముడి పరీక్షున్నది.”

“అప్పటికి వస్తం. అక్కడ దారానికి ఎర ఎవరు కడ్తరు? నాకు ముల్లు బెజ్జం కనవడది గదా.”

“తీస్కపో బావా,” అంది వినోద. “ఇంట్ల ఉంటే గోడను చూసుకుంట కూసుంటడు. గోడకు బుగులైతుంది.”

రైలులో చండీగఢ్ దాకా పోయి, బస్సులో కొండలెక్కి, ఠాకూర్ ముంగిట దిగేసరికి రఘుపతికి చలితో పళ్లు కొట్టుకుంటున్నాయి. ఠాకూర్ ఇద్దరినీ పొయ్యి దగ్గర కూర్చోబెట్టి చాయ్ పోశాడు. పొయ్యి పైన తీగకు వరసగా ఏవో వేలాడుతున్నాయి. ఆ చివర చీపురులాంటిది. దాని పక్కన బొంతలాంటిది. ఈ చివర చేపలాంటివి. ఒక పిల్లి కింద కూర్చుని వాటినే చూస్తోంది.

రఘుపతి తన చీపురును గుర్తుపట్టాడు.

“వీటిని మీరే కదా అడిగింది?” అన్నాడు హిందీలో.

“నేనా?” అన్నాడు ఠాకూర్. “మోకాళ్లు పోయి ఏట్లో దిగడమే మానేశాను భాయీ. ఈయనే పంపుతూ ఉంటాడు. పారెయ్యొద్దు, అన్నీ దాచి పెట్టమంటాడు. ముల్లు విరిచి ఒకటి ఇచ్చాను, పిల్లి సంతోషంగా ఉంది.”

రఘుపతి దేవదాస్ వైపు తిరిగాడు. “ఠాకూర్ సాబ్ ఫోన్లు జేస్తుండంటివి?”

“పిల్లి జేపిచ్చింది,” అన్నాడు దేవదాస్, గ్లాసులోకి చూస్తూ.

మరునాడు ఏటికి పోయారు. నీళ్లు పచ్చగా, అడుగు కనిపించేంత తేటగా ఉన్నాయి. రఘుపతి దారానికి ఎర కట్టాడు. దేవదాస్ విసిరాడు. పొద్దెక్కే దాకా విసిరాడు. ఏమీ రాలేదు. రఘుపతి రాయి మీద కూర్చుని, ఇంత దూరం వచ్చి ఈ మనిషి నీళ్లను ఎందుకు దువ్వుతున్నాడో అనుకున్నాడు. లాభ్ పాంచమ్ గుర్తొచ్చింది. కుడిచెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

“రఘూ.” దేవదాస్ గొంతు మారింది. “అగో.”

“ఏడ?”

“ఆ నల్లరాయి కింద. ముక్కు ఇటు పెట్టున్నది. కింది దవడ కొక్కెం తిరిగున్నది. ముసలిదైంది పాపం.”

రఘుపతికి నల్లరాయి కూడా సరిగా కనిపించలేదు. దేవదాస్ విసిరాడు. ఆ తొందరలో ఎర వెనక చెట్టు కొమ్మకు పట్టుకుంది. లాగితే దారం తెగింది. రఘుపతి లేచి వచ్చేలోపల దేవదాస్ డబ్బాలోంచి ఎర తీశాడు, చెట్టు నీడలో, కళ్లద్దాలు లేకుండా, సన్నటి దారాన్ని అంతకంటే సన్నటి బెజ్జంలో ఒక్క పోటుకు దూర్చాడు, అయిదు చుట్లు చుట్టాడు, ఉమ్మి తడి చేసి బిగించాడు, పంటితో కొస కొరికాడు. రెప్ప వేసేంత సేపు కూడా పట్టలేదు.

రఘుపతి నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

“అన్నా, నీ కండ్లు?”

“ఏ కండ్లు?”

“దగ్గరిది ఆనవంటివి?”

దేవదాస్ చేతిలోని ముడిని చూసుకున్నాడు. రఘుపతిని చూశాడు. చేప వైపు చూశాడు. ఏది ముందో తేల్చుకోలేక తల గోక్కున్నాడు.

“బంతి ఖాడీల ఇసిరినవ్ గదా ఆ దినం,” అన్నాడు చివరకు. “మీది నుంచి చూసిన. మస్తు దూరం వడ్డది. నేను గూడ గంత దూరం ఇసరలే. ఇగో, కర్ర పట్టు.”

“నేనా? నీ చేప గదా అది!”

“నన్ను చూసిందంటే మల్ల పోతది. మొకం గుర్తున్నది దానికి.” దేవదాస్ ఎరను నల్లరాయి అవతల పడేలా విసిరి, కర్రను రఘుపతి ఎడమచేతిలో పెట్టాడు. దారాన్ని కుడిచేతి రెండు వేళ్లకు అందించాడు. “ఎడమచేత కర్ర. కుడిచేత లాగు. వేళ్లు మడువు. లాగు. ఆగు. లాగు.”

తాను వల పట్టుకుని మోకాలి లోతు దిగి, టోపీతో ముఖం కప్పుకున్నాడు.

రఘుపతి లాగాడు. ఆగాడు. లాగాడు. నీళ్లలో ఏదో ఒక నీడ తిరిగింది. ఎవరో అటువైపు నుంచి తలుపు గుంజినట్టు దారం గుంజుకుంది. రఘుపతికి చెయ్యి గుర్తు లేదు, వేళ్లు గుర్తు లేవు. పిడికిలి బిగించి పట్టుకున్నాడు. కర్ర విల్లులా వంగింది. ఎర్రచుక్కల చేప ఒకసారి పూర్తిగా నీళ్ల పైకి లేచింది. అది ఉందన్న సంగతి లోకంలో ఇంకొక మనిషికి తెలిసింది.

“వల! అన్నా, వల పట్టు! వస్తుంది!”

దేవదాస్ టోపీ తీశాడు. చేప ఆయన కాళ్ల దగ్గరికి వచ్చింది. చెయ్యి చాస్తే అందేంత దగ్గర. కానీ ఆయన చేపను చూడలేదు. రఘుపతి కుడిచేతిని చూశాడు. వల నీళ్లలో వదిలేసి, పరుగెత్తుకొచ్చి, ఆ పిడికిలిని రెండు చేతులా పట్టి పైకెత్తాడు.

“వంగినయ్ రా! రెండు గూడ వంగినయ్! సూడు, సూడు!”

“చేప, అన్నా!”

“నిన్నెవడు చేప అడిగిండు? పిడికిలి సూడు!”

ఎత్తిన చేతిలో దారం సడలింది. చేప ముల్లు విదిల్చుకుంది. పోయేముందు ఒక క్షణం ఆగి ఇద్దరినీ చూసిందని దేవదాస్ తర్వాత మిల్లులో చెప్పాడు. వల మాత్రం ఏటి వెంట చాలా దూరం పోయింది.

లాభ్ పాంచమ్ నాడు సాంచాలకు కుంకుమ పెట్టి, కొబ్బరికాయలు కొట్టారు. నరేశ్ మాస్టర్ ఒక పోగు తెంపి, “ఎయ్యి రఘూ,” అన్నాడు. అతనే ఊపిరి బిగపట్టుకున్నాడు. రఘుపతి రెండు కొసలూ పట్టాడు. వేళ్లు మడిచాడు. ముడి వేశాడు. అలవాటు కొద్దీ దారాన్ని నాలుగు చుట్లు ఎక్కువ చుట్టి, కొసను దువ్వి, పంటితో కొరికాడు.

నరేశ్ వంగి చూశాడు.

“ముడి మంచిగున్నది,” అన్నాడు. “గాని దీనికి గీ తోక ఏంది?”

రెండో ముడికి తోక లేదు. మూడోది కనిపించనే లేదు. సాంచాలు రఘుపతికే దక్కాయి.

ఆ సాయంత్రం రఘుపతి ఒక కాగితం పొట్లంతో దేవదాస్ గదికి వెళ్లాడు. అందులో మందపాటి అద్దాల కళ్లజోడు ఉంది.

“నీ కోసమే అన్నా. దగ్గరిది ఆనది గదా పాపం.”

దేవదాస్ కాదనలేకపోయాడు. సంతోషి చూస్తోంది, వినోద చూస్తోంది, అద్దె మాట్లాడడానికి వచ్చిన ఊర్మిళాబెన్ కూడా చూస్తోంది. పెట్టుకున్నాడు. లోకం నీళ్లలో మునిగింది.

“ఎట్లున్నది?” అన్నాడు రఘుపతి.

“మస్తు కనవడ్తుంది,” అన్నాడు దేవదాస్ బియ్యం డ్రమ్ము వైపు తిరిగి. తర్వాత చెయ్యి చాచి, దగ్గర్లో మెత్తగా తగిలినదాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి చూశాడు. “తోకకు పనికొస్తది.”

“మారీ సాడీ ఛే!” అంది ఊర్మిళాబెన్, కొంగు లాక్కుంటూ.

రఘుపతి ముందుకు వచ్చి, కుడిచేతి వేళ్లు మడిచి, ఆ కళ్లజోడును జాగ్రత్తగా తీశాడు.

“అన్నా, నా వేళ్లు నయమైనయ్. ఇగ నీ కండ్లు గూడ నయం జేసుకో.”

దేవదాస్ కళ్లు నులుముకుని, రఘుపతి ముఖంలోకి కాసేపు చూశాడు. ఏదో పెద్ద మాట చెప్పబోతున్నాడని అందరూ ఎదురుచూశారు.

“రఘూ, కదలకు,” అన్నాడు మెల్లగా. “నీ ఎడమ చెవి ఎనుక ఒక్క తెల్లెంటిక ఉన్నది.”